రెండోసారి అడగని ఊరు

మా వైపు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టినంత మాత్రాన ఎవరూ వడ్డించడం ఆపరు. "వద్దండీ, చాలండీ" అంటే ఇంకోసారి అడగమని అర్థం. రెండోసారి కూడా వద్దంటే కాస్త అనుమానపడతారు గానీ, గరిటె మాత్రం వెనక్కి పోదు. అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో మా సబ్‌డివిజన్‌లో ఏ తెలుగువాళ్ళింటికి శనివారం భోజనానికి వెళ్ళినా ఇదే తంతు. పేపర్ ప్లేటు బరువుకి వంగిపోతున్నా "మీరసలేం తినలేదు" అనే అంటారు.

మా ఆయన నార్వే సంతతివారు, మిన్నెసోటాలో పుట్టి పెరిగారు. ఈ తంతు ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. "మా అమ్మ కూడా ఇంతే" అని నవ్వేవారు. నిజమే. మా అత్తగారి ముందు కేకు ముక్క పెడితే "అబ్బే, నాకొద్దు" అనేది. మళ్ళీ అడిగితే "ఎందుకమ్మా, పిల్లలకుంచు" అనేది. మూడోసారికి "సరే, నువ్వింతగా అంటుంటే" అని తీసుకుని, పళ్ళెంలో పొడి కూడా మిగల్చకుండా తినేది. ఆవిణ్ణి చూసి ఈ గుణం నార్వే నుంచి ఓడలో వచ్చిందని నేను తీర్మానించేసుకున్నాను. ఆ తీర్మానమే నా కొంప ముంచింది.

ఆయన జనవరిలో పోయారు. ప్యాంక్రియాస్‌లో మొదలైన కాన్సర్. పండగకి ఆయన కోసం కొన్న కోట్లు ట్యాగులతో అల్మారాలో అలాగే ఉండిపోయాయి. ఆఖరి రోజుల్లో ఆయన నన్ను కోరింది ఒక్కటే. తన ముత్తాత వదిలిపెట్టి వచ్చిన లోయలో, చర్చి పక్కనున్న కుటుంబ సమాధిలో తన బూడిద ఉంచమన్నారు. మాట మొత్తం ఇంగ్లీషులో చెప్పి, చివర తెలుగులో "సరేనా?" అన్నారు. ఆయనకి బాగా వచ్చిన తెలుగు మాటల్లో అదొకటి. సరేనన్నాను.

ఆ లోయ ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. చూడకపోవడానికి కారణం మేమే. ఆయన సెలవులు కూడబెట్టుకున్నప్పుడల్లా మా తమ్ముడి పెళ్ళో, మా నాన్న ఆపరేషనో, ఆ తర్వాత మా నాన్న కర్మలో వచ్చిపడేవి. "నార్వే ఎక్కడికీ పోదులే" అని నవ్వుతూ హైదరాబాద్‌కి టికెట్లు బుక్ చేసేవారు. నార్వే ఎక్కడికీ పోలేదు. ఆయనే పోయారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఎవరినో ఒకరిని కొట్టాలనిపిస్తుంది, ఎవరిని కొట్టాలో తెలీదు.

ఆ వేసవిలోనే వాళ్ళ వంశంవాళ్ళందరూ ఆ లోయలో కలుసుకోవాలని ముందే అనుకున్నారు. ఏర్పాట్లన్నీ మా బావగారు, అంటే ఆయన అన్నగారు, చూస్తున్నారు. నాకూ మా అమ్మాయికీ ఆయనే టికెట్లు తీశారు. సమాధి సంగతి అడిగితే ఇలా చెప్పారు: ఆ చోటు అక్కడి పాత ఇంట్లో ఉంటున్న ఒక పెద్దావిడ పేరున ఉందట. వరసకి మా ఆయనకి అక్క అవుతుందిట. ఆవిడ ఒప్పుకుంటేనే అక్కడ ఎవరినైనా పెట్టనిస్తారట. "నిన్ను స్వయంగా అడుగుతానంది. అలాంటివి ఈమెయిల్లో తేల్చే విషయాలు కావంది" అన్నారు బావగారు. ఆ మాటకి నాకు ప్రాణం లేచివచ్చింది. మన మనిషే అనుకున్నాను.

మా అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. "గోదాట్లో కలపకుండా, ఎక్కడో ఆ చలిలో పాతిపెడతావుటే? పోనీ కొంచెం తీసి ఇటు పంపించు" అంది. పంచడానికి లేదు. ఆ దేశంలో మొత్తం ఒకేచోట ఉంచాలని రూలట. అంటే నాకు మిగిలేది ఏమీ ఉండదు. ఈ సంగతి నేను అమ్మకి గట్టిగా చెప్పాను గానీ, నాకు నేను చెప్పుకోలేదు.

ఇంట్లో బూడిద ఉన్న పెట్టెని ఆయన ఆఫీస్ రూమ్‌లో, ఆయన కుర్చీలోనే ఉంచాను. పక్కింటి ఆంటీ "ఇంట్లో ఉంచకూడదమ్మా" అంది. ఆవిడతో మాట్లాడటం మానేశాను. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ కుర్చీకి ఎదురుగా కూచుని, మా అమ్మాయి కాలేజీ కబుర్లు, మా కాలనీ సంఘం హెచ్.ఓ.ఏ. వాళ్ళు గడ్డి గురించి రాసిన ఉత్తరాలు అన్నీ చెప్పేదాన్ని. పిచ్చని ఎవరైనా అంటే అనుకోనీ.

ప్రయాణంలో పెట్టె నా ఒళ్ళోనే ఉంది. విమానంలో కూచుని రిహార్సల్ చేసుకున్నాను. ఆవిడ అడుగుతుంది. నేను వద్దంటాను. అడగ్గానే ఎగబడి ఔనంటే ఏం మర్యాద? చోటు ఆవిడది, చచ్చిపోయినవాళ్ళు ఆవిడవాళ్ళు. ఆవిడ మళ్ళీ అడుగుతుంది. అప్పుడు నేను ఆవిడ చేతులు పట్టుకుని, మీ రుణం తీర్చుకోలేనంటాను. అప్పటికి నాకు ఏడుపు వచ్చినా పరవాలేదు. మా అమ్మాయి పక్క సీట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోతోంది.

ఊరంటే ఊరు కాదు. నిటారు కొండల మధ్య ఒక నీటిపాయ, దాని ఒడ్డున తెల్ల చర్చి, పైన పచ్చిక, పచ్చికలో అక్కడక్కడా ఇళ్ళు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళందరి మెడల్లో పేర్ల బిళ్ళలు. వలస వెళ్ళిన అన్నదమ్ములు ఒక్కొక్కరి సంతానానికి ఒక్కో రంగు. మా అమ్మాయికి నీలం. నాలా పెళ్ళితో వచ్చినవాళ్ళకి తెలుపు. జులైలో ఉన్ని స్వెటర్ వేసుకుని చెమటలు కక్కుతూ బావగారు అందరినీ అందరికీ పరిచయం చేస్తున్నారు.

పెద్దావిడ పొడుగ్గా, ఎముకల మనిషి. కళ్ళు మా ఆయన కళ్ళు. అది నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

మొదటి రోజు రాత్రి భోజనానికి ఆవిడ నన్ను తన పక్కన కూచోబెట్టుకుంది. అక్కడ వేసవిలో రాత్రనేది పేరుకే, కిటికీలోంచి ఎండ పడుతూనే ఉంది. ఉడికించిన బంగాళాదుంపలు, సాల్మన్ చేప, వెనిగర్‌లో వేసిన కీరా ముక్కలు. మా అమ్మాయి దూరంగా తన ఈడువాళ్ళతో ఉంది. బావగారు బల్ల రెండో చివర ఉన్నారు. ఆవిడ ఫోర్కు కింద పెట్టి, బళ్ళో నేర్చుకున్న శుభ్రమైన ఇంగ్లీషులో అడిగింది.

"మా సమాధిలో ఇంకా చోటు ఉంది. నీ భర్తని అక్కడ ఉంచాలని నీకు ఉందా?"

డొంకతిరుగుడు లేదు, ఉపోద్ఘాతం లేదు. రిహార్సల్ చేసినదంతా తన్నుకుని బయటికొచ్చింది.

"అయ్యో, వద్దండీ. మీకెందుకు అంత శ్రమ? అది మీ వాళ్ళ చోటు. మేమేదో చూసుకుంటాం."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. మా ఆయన కళ్ళతో చూసింది. తర్వాత మెల్లిగా తలూపి, "సరే. అర్థమైంది" అంది. బంగాళాదుంపల గిన్నె నా వైపు జరిపింది.

నేను ఆగాను. చేప తిన్నాను, కాఫీ తాగాను, ఆవిడ గొర్రెల గురించి, వానల గురించి చెబుతుంటే ఊ కొట్టాను. ఇప్పుడు అడుగుతుంది, లేచేముందు అడుగుతుంది అనుకున్నాను. ఆవిడ లేచి అందరికీ గుడ్ నైట్ చెప్పి మేడ మీదికి వెళ్ళిపోయింది.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మా అమ్మమ్మ ఒక సామెత చెప్పేది. అది అచ్చులో వేసేది కాదు. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

మర్నాడు అందర్నీ కొండ మీద పాత పశువుల కొట్టాల దగ్గరికి నడిపించారు. అక్కడ పుల్లటి మీగడతో వండిన జావ, మీద కరిగిన వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి. నేను ఆవిణ్ణి వదల్లేదు. ఆవిడ గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచాను. "ఇక్కడ ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాను. "అవును" అంది. "ఆయనకి ఈ చోటు ఎంతో నచ్చేది" అన్నాను. "నచ్చేది" అంది. "ఇలాంటి చోట ఉండాలంటే రాసిపెట్టి ఉండాలి" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, శీతాకాలం మాత్రం కష్టమని, రోడ్డు మూసుకుపోతుందని చెప్పింది. మా ఊళ్ళో అయితే ఇందులో పదోవంతు హింటు ఇస్తే అవతలివాళ్ళు తాంబూలాలు పుచ్చుకునేదాకా వెళ్ళిపోతారు. ఈవిడ గిన్నె నా చేతికిచ్చి ఇంకో గిన్నె తీసుకుంది.

బావగారు ఒకసారి పక్కకి వచ్చి "అంతా సెటిల్ అయిందా?" అన్నారు. "ఆ, చూడాలండీ" అన్నాను. ఆయన మిన్నెసోటా మనిషి, తరిచి అడగరు. నా భుజం తట్టి వెళ్ళిపోయారు. వెనక్కి పిలిచి చెబితే ఏమయ్యేది? నోరు రాలేదు. కాళ్ళావేళ్ళా పడి అడుక్కుంటున్నట్టు ఉంటుందనిపించింది. ఆయన కోసం అడుక్కోలేనా? ఆ ప్రశ్న ఇప్పుడు వేసుకోవడం తేలిక. అప్పుడు మాత్రం పైకి నవ్వుతూ ఫొటోలకి నిలబడ్డాను.

శనివారం సాయంత్రం మా గదిలో మా అమ్మాయి మంచం మీద కూచుని ఉంది. పెట్టె కిటికీ గట్టు మీద ఉంది.

"వీళ్ళు ఎవరూ డాడ్ గురించి అడగట్లేదు, అమ్మా. నోబడీ. మనం ఎందుకు తెచ్చాం ఇక్కడికి?"

"అడుగుతార్రా. పెద్దవాళ్ళు. వాళ్ళ పద్ధతి వాళ్ళకుంటుంది."

"ఎల్లుండి ఫ్లైట్. ఎప్పుడు అడుగుతారు?"

నేను సూట్‌కేసులో బట్టలు సర్దుతున్నట్టు నటించాను. చెప్పెయ్యాల్సింది. ఆ పిల్ల నమ్మకంగా వాళ్ళని తిట్టుకుంటుంటే నేను తిట్టుకోనిచ్చాను.

ఆదివారం చర్చిలో ప్రార్థనయ్యాక, పక్క హాల్లో కాఫీలు. నేను కప్పు తీసుకుని తిరిగేసరికి మా అమ్మాయి పెద్దావిడ ఎదురుగా నిలబడి ఉంది. దాని గొంతు హాలంతా వినిపించింది.

"మా నాన్న ఇక్కడ ఉండాలనుకున్నాడు. చనిపోయేముందు అదే అడిగాడు. మీరు ఒప్పుకుంటారా?"

పెద్దావిడ ఆశ్చర్యంగా ముందు దాన్ని, తర్వాత నన్ను చూసింది.

"తప్పకుండా ఒప్పుకుంటాను. మొదటి రోజే మీ అమ్మని అడిగాను. వద్దంది."

మా అమ్మాయి తిరిగి నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అర్థం కాకపోవడం. చిన్నప్పుడు బడి బయట నేను ఆలస్యంగా వచ్చినప్పుడు అలా చూసేది.

"నువ్వు నో అన్నావా?"

"అలా కాదురా. ఒక్కసారి అడగ్గానే ఎలా ఔనంటాం? మళ్ళీ అడుగుతారని..."

"అది డాడ్ గురించి, అమ్మా. గులాబ్‌జామూన్ గురించి కాదు!"

అందరూ మమ్మల్నే చూస్తున్నారు. తెలుగు ఎవరికీ రాదు గానీ, గులాబ్‌జామూన్ అంటే ఏమిటో వాళ్ళకి తెలియక్కర్లేదు, మా మొహాలు చాలు. నాకు ఏడుపు ఆగలేదు. పెద్దావిడ దగ్గరకొచ్చి నా చేతిలో కప్పు తీసి బల్ల మీద పెట్టింది. నేను ఇంగ్లీషులో, ముక్కలుముక్కలుగా, మా వైపు పద్ధతి చెప్పాను. మా అత్తగారి కేకు సంగతి కూడా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"మా అమ్మమ్మ కాలంలో ఇక్కడా అలా ఉండేదిట" అంది. "ఇప్పుడు లేదు. నువ్వు వద్దన్నావు. భర్త పోయిన మనిషి వద్దంటే మళ్ళీ మళ్ళీ అడిగి బాధపెట్టకూడదు కదా. అందుకే మాట్లాడలేదు."

ఆవిడ మీద కోపగించుకోవడానికి ఏమీ దొరకలేదు. వెళ్ళినవాళ్ళు ఓడలో మూటగట్టుకుని తీసుకెళ్ళి, పోకుండా దాచుకున్నది, ఉన్నవాళ్ళు ఎప్పుడో వదిలేశారు. అట్లాంటాలో మేమూ అంతే. ఇక్కడ మేం పాటించే పట్టింపులు చూసి మా తమ్ముడి పిల్లలు హైదరాబాద్‌లో నవ్వుతారు. ఇంత తెలిసినదాన్ని, ఇది మాత్రం ముందుగా తట్టలేదు.

పాదిరీగారు మంచివారే. అయితే కాగితాలు చూసి అనుమతి ఇవ్వాల్సిన ఆఫీసు ఆదివారం తెరవరు. గురువారానికి అవుతుందన్నారు. మా విమానం సోమవారం పొద్దున. మంగళవారం ఆఫీసులో మా సాఫ్ట్‌వేర్ ప్రొడక్షన్ రిలీజ్, నేను ఉండి తీరాలి. కిందటి నెలే మా టీమ్‌లో సగం మందికి లేఆఫ్. ఆయన జబ్బులో వాడగలిగిన సెలవంతా వాడేశాను. ఇప్పుడు ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుంది. ఇన్సూరెన్స్ లేకపోతే ఏమవుతుందో, ఆయన బిల్లులు చూసినదాన్ని, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను. "అర్థం చేసుకోగలను, కానీ" అని జవాబు వచ్చింది. తక్కిన వాక్యం చదవలేదు.

"నేను ఉంటా" అంది మా అమ్మాయి. నా వైపు చూడకుండా అంది. "కాలేజ్ ఆగస్ట్‌లో కదా. నేను చేస్తా."

సోమవారం పొద్దున బావగారు అద్దెకారు స్టార్ట్ చేసి ఉంచారు. పెట్టె నా చేతుల్లో ఉంది. పెద్దావిడ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాచింది. ఇవ్వాలి. ఇవ్వడానికే అంత దూరం వచ్చాను. నా వేళ్ళు వదల్లేదు. మా అమ్మాయి వచ్చి నా వేళ్ళని ఒక్కొక్కటే మెల్లిగా విడదీసింది, చిన్నపిల్ల చేతిలోంచి కత్తెర తీసినట్టు. పెద్దావిడ ఆయన్ని గుండెలకి ఆనించుకుని ముందు గదిలోకి తీసుకెళ్ళింది. ఆయనకి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. కారెక్కాను. చాలా దూరం వెళ్ళాక బావగారు "వాడికి ఈ రోడ్డు నచ్చేది" అన్నారు.

కమ్మింగ్‌లో ఇంటికొచ్చి తాళం తీస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉంది. పొద్దున కాఫీ పట్టుకుని అలవాటుగా దాని ఎదురుగా కూచున్నాను. ఏం మాట్లాడాలో తోచలేదు. ఆ రోజు నుంచి కాఫీ వంటింట్లోనే నిలబడి తాగుతున్నాను.

గురువారం పొద్దున ఆల్ఫారెట్టాలో ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కారు ఆపుకుని ఉండగా మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. అక్కడ మధ్యాహ్నం, సన్నగా వాన. ఇక్కడ నా కారు చుట్టూ జనం ఆఫీస్ బ్యాడ్జీలు వేసుకుని, కాఫీ కప్పులు పట్టుకుని లోపలికి వెళుతున్నారు. నేను కారు అద్దాలు ఎక్కించుకున్నాను. ఫోన్‌లో పాత రాయి కనిపించింది, మా ఆయన ఇంటిపేరుతో. దాని ముందు చిన్న గొయ్యి. కరివేపాకు మొక్క నాటడానికి తవ్వినంత ఉంటుంది. ఆరడుగుల మనిషికి ఆ గొయ్యి ఎలా సరిపోతుందని ఒక వెర్రి ఆలోచన వచ్చింది.

పాదిరీగారు ఏదో చదివారు. పెద్దావిడ గొడుగు పట్టింది. ఫోన్ ఎవరి చేతికో ఇచ్చి, మా అమ్మాయి మోకాళ్ళ మీద కూచుని ఆయన్ని లోపల దించింది. లేచి చేతులు జీన్స్‌కి తుడుచుకుంది. పక్కనున్న చిన్న పార తీసుకుంది.

"వద్దు" అన్నాను.

అది వినలేదనుకుని గట్టిగా అరిచాను. "వద్దమ్మా, మట్టి వెయ్యకు. నాన్నని తీసుకొచ్చెయ్. నేనుండలేను. తీసుకొచ్చెయ్ ఇంటికి."

అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు బల్ల దగ్గర నా నోట వచ్చింది ఒట్టి మొహమాటం కాదేమో. ఆయన్ని ఎవరికీ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆయన కోరినా సరే, ఇష్టం లేదు. నాకే తెలియని నా మాటని లోకంలో ఆ పెద్దావిడ ఒక్కతే నమ్మింది.

అక్కడ అందరూ ఫోన్ వైపు తిరిగారు. నేనేమంటున్నానో వాళ్ళలో మా అమ్మాయికి ఒక్కదానికే అర్థమైంది. అది వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంది. వానో ఏడుపో, మొహమంతా తడిగా ఉంది. దానికి నా మీద కోపం పోయినట్టుంది. కోపం కంటే దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"అమ్మా," అంది, "డాడ్ అడిగాడు కదా."

ఫోన్ మళ్ళీ పక్కవాళ్ళకిచ్చి వెళ్ళి మట్టి వేసింది. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. అది వేస్తూనే ఉంది.